ఒకే బిడ్డ, రెండు ఫైళ్లు: అమెరికాలో చైల్డ్ కేర్ సాయం, చైల్డ్ సపోర్ట్ ఎక్కడ ముడిపడతాయి

భర్త నుంచి విడిగా ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, పిల్లను డేకేర్‌లో వేసిన తల్లికి అమెరికాలో మొదట భయపెట్టేది ఆ డేకేర్ బిల్లే. దాంట్లో కొంత ప్రభుత్వం భరిస్తుందని తెలిసి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసుకు దరఖాస్తు పెడుతుంది. కొన్నాళ్లకు ఇంకో ఆఫీసు నుంచి కవరొస్తుంది. పిల్ల తండ్రి పేరు, చిరునామా, ఎక్కడ పనిచేస్తున్నాడు, చివరిసారి ఎప్పుడు డబ్బిచ్చాడు అని అడుగుతుంది. "నేనడిగింది డేకేర్ సాయం. ఆయన సంగతి వీళ్లకెందుకు?" అని ఎవరికైనా అనిపిస్తుంది. మన వాళ్లలో ఆ కవరు చూసి బెదిరిపోయి దరఖాస్తే వద్దనుకునేవాళ్లూ ఉంటారు.

ఆ ప్రశ్నకు సమాధానం ఉంది. అయితే అది రాష్ట్రానికో రకంగా ఉంటుంది. పైగా రెండు ఆఫీసుల మధ్య సమాచారం సకాలంలో చేరకపోతే, ఆ తప్పు ఖర్చు చివరికి తల్లి మీదో, తండ్రి మీదో పడుతుంది. సంగతి మొదటినుంచీ చూద్దాం.

రెండు పథకాలు, రెండు ఉద్దేశాలు

చైల్డ్ కేర్ సాయం అంటే తల్లిదండ్రులు ఉద్యోగానికో చదువుకో వెళ్లగలిగేలా డేకేర్ ఫీజులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం నేరుగా డేకేర్‌కే కట్టడం. కుటుంబం తన ఆదాయాన్ని బట్టి కొంత చెల్లిస్తుంది, దాన్ని కోపే అంటారు. దీనికి మూలం 1990లో వచ్చిన ఫెడరల్ చట్టం. 1996 సంక్షేమ సంస్కరణలతో చైల్డ్ కేర్ అండ్ డెవలప్‌మెంట్ ఫండ్ ఏర్పడింది, 2014లో చట్టాన్ని మళ్లీ సవరించారు. 13 ఏళ్లలోపు పిల్లలకు, ఆ రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 85 శాతం మించని కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. ఆ పరిమితిని రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు, చాలా రాష్ట్రాలు తగ్గించుకున్నాయి కూడా.

చైల్డ్ సపోర్ట్ సంగతి వేరు. బిడ్డతో కలిసి ఉండని తల్లో తండ్రో ఆ బిడ్డ పోషణకు నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు అది. మన దగ్గర మనోవర్తి కోసం కోర్టుకెళ్తే, ఆర్డరొచ్చాక ఆ డబ్బు రాబట్టుకోవడం మళ్లీ ఆ తల్లి పనే. అమెరికాలో ఆ వసూలుకే ప్రత్యేక వ్యవస్థ ఉంది. సోషల్ సెక్యూరిటీ చట్టంలో 1975లో చేర్చిన ఫోర్-డీ భాగం కింద ప్రతి రాష్ట్రంలోనూ చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీ నడుస్తుంది. పితృత్వం తేల్చడం, ఆర్డర్ తెప్పించడం, జీతంలోంచి కోయించడం, బకాయిలుంటే పన్ను రీఫండ్ పట్టుకోవడం దాని పనులు. బకాయి 2,500 డాలర్లు దాటితే అమెరికన్ పాస్‌పోర్ట్ కూడా ఇవ్వరు. ఈ వ్యవస్థ ద్వారా ఏటా 2,500 కోట్ల డాలర్లకు పైగా వసూలవుతుంది, అందులో అత్యధిక భాగం జీతం కోత ద్వారానే.

మొదటి పథకంలో డబ్బు ప్రభుత్వానిది, అది డేకేర్‌కు పోతుంది. రెండోదాంట్లో డబ్బు వేరుగా ఉంటున్న తండ్రిది, అది మామూలుగా తల్లికి చేరుతుంది. (తల్లి దగ్గర బిడ్డ ఉన్న కేసులే ఎక్కువ కాబట్టి ఇక్కడ అలా రాస్తున్నాను, తండ్రి దగ్గరుంటే ఇదంతా తిరగేసి చదువుకోవచ్చు.) ఇద్దరు కేస్‌వర్కర్లు, రెండు కంప్యూటర్ వ్యవస్థలు, రెండు రకాల ఫారాలు. ఉమ్మడిగా ఉన్నది ఆ బిడ్డ ఒక్కటే.

ముడి ఎలా పడింది

1975 చట్టం తెచ్చినప్పుడు ఉద్దేశం దాపరికం లేకుండా చెప్పారు. సంక్షేమ నగదు తీసుకుంటున్న కుటుంబాలకు ప్రభుత్వం పెట్టిన ఖర్చును వేరుగా ఉంటున్న తండ్రుల నుంచి రాబట్టడం. నగదు సాయం తీసుకునే తల్లి చైల్డ్ సపోర్ట్ మీద తన హక్కును ప్రభుత్వానికి రాసిచ్చేయాలి, ఏజెన్సీకి సహకరించాలి. 1996 తర్వాత నగదు సాయం పేరు, రూపం మారినా ఈ రెండు షరతులూ అలాగే ఉన్నాయి. తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ తీసుకునే తల్లిదండ్రులకు కూడా పిల్లల ఆరోగ్య బీమా విషయంలో సహకరించాలన్న నిబంధన ఉంది.

డేకేర్ సాయానికి వచ్చేసరికి ఫెడరల్ చట్టం అలాంటి షరతేమీ పెట్టలేదు. పెట్టుకోవాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. అందుకే చాలా రాష్ట్రాల్లో డేకేర్ సాయం అడిగితే తండ్రి ప్రస్తావన "మీకు చైల్డ్ సపోర్ట్ ఏమైనా వస్తోందా?" అన్న ఒక్క ఆదాయ ప్రశ్నతో ముగుస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం సహకరించకపోతే సాయమే రాదు. టెక్సాస్‌లోని డాలస్‌లో ఉన్న చెల్లెలికి జరిగింది మిన్నెసోటాలోని మినియాపొలిస్‌లో ఉన్న అక్కకు జరగాలని లేదు, ఒకరి అనుభవం చూసి ఇంకొకరు నిర్ణయం తీసుకుంటే దెబ్బతినే విషయం ఇది.

కాలంతో పాటు చైల్డ్ సపోర్ట్ వ్యవస్థ స్వభావం కూడా మారింది. ఇప్పుడు వసూలయ్యే ప్రతి డాలరులో 95 సెంట్లకు పైగా కుటుంబాలకే చేరుతోంది, ప్రభుత్వం అట్టిపెట్టుకునేది చాలా తక్కువ. అయినా ఆ పాత "ప్రభుత్వ ఖర్చు రాబట్టడం" అన్న ఆలోచన కొన్నిచోట్ల డేకేర్ సాయంలో మిగిలిపోయింది. దాన్ని వివరంగా చూడాలంటే మిన్నెసోటా మంచి ఉదాహరణ.

మిన్నెసోటాలో ఆర్డర్‌కు మూడు భాగాలు

మిన్నెసోటాలో చైల్డ్ సపోర్ట్ ఆర్డర్‌లో మూడు వరసలుంటాయి: తిండి, బట్ట, ఇల్లు లాంటి వాటికి బేసిక్ సపోర్ట్, ఆరోగ్య బీమాకు మెడికల్ సపోర్ట్, డేకేర్‌కు చైల్డ్ కేర్ సపోర్ట్. 2007 నుంచి అక్కడ ఇద్దరు తల్లిదండ్రుల ఆదాయమూ కలిపి, ఎవరి వాటా ఎంతో చూసి లెక్కకడుతున్నారు. ఉద్యోగం కోసం లేదా చదువు కోసం పెట్టిన డేకేర్ ఖర్చును కూడా అదే నిష్పత్తిలో పంచుతారు.

ఒక ఊహా కుటుంబం తీసుకుందాం. తల్లి నెల ఆదాయం 3,000 డాలర్లు, తండ్రిది 4,500. మొత్తం 7,500లో తల్లి వాటా 40 శాతం, తండ్రి వాటా 60 శాతం. డేకేర్ పూర్తి ఫీజు 1,200. పన్ను రాయితీ సర్దుబాటు పక్కన పెడితే తండ్రి ఇవ్వాల్సిన చైల్డ్ కేర్ సపోర్ట్ 720. బేసిక్ సపోర్ట్ ఇంకో 600 అనుకుందాం.

తల్లి ఏ సాయమూ తీసుకోకపోతే చిక్కేమీ లేదు. ఆ 1,320 తల్లికి వస్తుంది, 1,200 ఆవిడే డేకేర్‌కు కడుతుంది.

ఇప్పుడు తల్లికి డేకేర్ సాయం మంజూరైంది. కోపే 150, మిగతా 1,050 ప్రభుత్వం డేకేర్‌కు కడుతోంది. అప్పుడు ఆ 720 ఎవరిది? మిన్నెసోటా చట్టం ప్రకారం, డేకేర్ సాయం తీసుకున్న రోజు నుంచి చైల్డ్ కేర్ సపోర్ట్ మీద హక్కు రాష్ట్రానికి బదిలీ అయినట్టే. దీన్ని అసైన్‌మెంట్ అంటారు. ఆ 720 తల్లికి రాదు, ప్రభుత్వం పెట్టిన 1,050కి జమ అవుతుంది. బేసిక్ సపోర్ట్ 600 మాత్రం తల్లిదే, దాని జోలికి ఎవరూ రారు. నగదు సాయం తీసుకున్నప్పుడు జరిగే అసైన్‌మెంట్‌కీ దీనికీ తేడా ఇదే. "మొత్తం చైల్డ్ సపోర్ట్ గవర్నమెంట్ లాగేసుకుంటుంది" అని మనవాళ్లలో తిరిగే మాట నగదు సాయం కేసుల నుంచి వచ్చింది, డేకేర్ సాయానికి దాన్ని యథాతథంగా అంటగట్టకూడదు.

తండ్రి వైపు నుంచి కూడా చూడాలి. నెలకు 720 ఇస్తున్నాడు, అందులో ఒక్క డాలరు కూడా తల్లి చేతికి వెళ్లడం లేదని తెలిస్తే ఎందుకివ్వాలి అనిపించడం సహజం. కానీ ఆ డబ్బు తన బిడ్డ డేకేర్‌కే వెళ్తోంది, లేకపోతే ఆ భారం మొత్తం ఇతర పన్ను కట్టేవాళ్లది. తండ్రి ఆదాయం తక్కువైతే చట్టం వెసులుబాటిచ్చింది: తల్లి నిజంగా ఆ సాయం తీసుకుంటూ, తండ్రి ఆదాయం కూడా ఆ పథకం అర్హత పరిధిలోకే వస్తే, అతను 60 శాతం కాకుండా తన ఆదాయానికి, తన ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యకు కోపే ఎంత పడేదో అంతే ఇస్తే చాలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. మన ఉదాహరణలో తండ్రి జీతానికి ఈ వెసులుబాటు దొరకదనుకుందాం. నెలకు 2,000 సంపాదించే తండ్రికైతే ఇదే ఆదుకుంటుంది. దీన్ని అమలు చేయాలంటే "తల్లి ఈ సాయం తీసుకుంటోంది" అన్న ధ్రువీకరణ చైల్డ్ కేర్ వర్కర్ నుంచి చైల్డ్ సపోర్ట్ వైపు రావాలి, అక్కణ్నుంచి మెజిస్ట్రేట్ ముందుకు వెళ్లాలి. కాగితం రాకపోతే పేద తండ్రి మీద పెద్ద ఆర్డర్ పడుతుంది, అతను కట్టలేడు, బకాయి పెరుగుతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

చైల్డ్ సపోర్ట్ లెక్కకు డేకేర్ ఖర్చెంతో కావాలి. డేకేర్ సాయం లెక్కకు తల్లి ఆదాయం కావాలి, అందులో చేతికొచ్చే చైల్డ్ సపోర్ట్ కూడా ఉంటుంది. ఒక లెక్క రెండోదాని మీద, రెండోది మొదటిదాని మీద ఆధారపడ్డాయి.

సాయం అడిగిన రోజున తల్లి ఆదాయం 3,000. 2024లో వచ్చిన ఫెడరల్ నిబంధన కోపే కుటుంబ ఆదాయంలో 7 శాతం మించకూడదంది. ఆ లెక్కన ఆమెకు గరిష్ఠ కోపే 210. ఆరు నెలల తర్వాత బేసిక్ సపోర్ట్ 600 రావడం మొదలైతే ఆదాయం 3,600 అవుతుంది, గరిష్ఠ కోపే 252కు చేరుతుంది. 600 వచ్చి 42 పోయినా తల్లి లాభంలోనే ఉంది. ఇక్కడ 2014 చట్టం ఇంకో మేలు చేసింది. అర్హత ఒకసారి ఇస్తే కనీసం 12 నెలలు ఉండాలి, ఆ మధ్యలో ఆదాయం పెరిగినా, 85 శాతం గీత దాటనంతవరకు సాయం ఆపకూడదు, మామూలుగా కోపే పెంచకూడదు. అంటే చైల్డ్ సపోర్ట్ మొదలైన నెలలోనే డేకేర్ పోతుందన్న భయానికి ఆధారం లేదు. రెన్యూవల్ రోజున మాత్రం లెక్క మళ్లీ వేస్తారు.

అసలు చిక్కు డబ్బు సరిగ్గా రాని కేసుల్లో ఉంది. తండ్రి రెండు నెలలు ఏమీ ఇవ్వలేదు, మూడో నెల 1,800 ఒకేసారి వచ్చింది. రెన్యూవల్ ఆ మూడో నెలలో పడి, ఆ నెల స్టేట్‌మెంట్ ఒక్కటే చూస్తే తల్లి ఆదాయం 4,800లా కనిపిస్తుంది. మూడు నెలల సగటు తీస్తే 3,600. ఆ సగటు తీయాలంటే చైల్డ్ కేర్ వర్కర్‌కు చెల్లింపుల చరిత్ర కనిపించాలి. అది ఉన్నది చైల్డ్ సపోర్ట్ కంప్యూటర్‌లో. ఆర్డర్‌లో రాసిన అంకె వేరు, చేతికొచ్చిన అంకె వేరు. ఎన్నడూ రాని డబ్బును ఆదాయంగా రాస్తే ఆ తల్లికి అన్యాయం చేసినట్టే.

తేదీలు కలవకపోతే

మిన్నెసోటాలో చైల్డ్ సపోర్ట్ కేసులు ప్రిజమ్ అనే వ్యవస్థలో, డేకేర్ సాయం కేసులు మెక్-టూ అనే వ్యవస్థలో నడుస్తాయి. పని చేసేవి కౌంటీలు. సాయం మొదలైతే, ఆగితే, డేకేర్ మారితే చైల్డ్ కేర్ వర్కర్ చైల్డ్ సపోర్ట్ వర్కర్‌కు చెప్పాలి. ఆర్డర్ వచ్చినా, సహకారం ఉందని గానీ లేదని గానీ తేల్చినా అవతలి నుంచి ఇవతలికి కబురు రావాలి.

మన కుటుంబానికి మార్చి 1న సాయం మొదలైందనుకుందాం. ఆ సంగతి చైల్డ్ సపోర్ట్ ఫైల్లో ఎక్కింది జూన్‌లో. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన 720 చొప్పున 2,160 డాలర్లు మామూలుగానే తల్లి ఖాతాలో పడ్డాయి. చట్టం ప్రకారం అవి రాష్ట్రానివి. తల్లి దురుద్దేశంతో చేసిందేమీ లేదు, వచ్చిన డబ్బు ఇంటి అద్దెకు పోయింది. ఇప్పుడు ఆమె ముందు ఓవర్‌పేమెంట్, అంటే తనది కాని డబ్బు తిరిగి కట్టాలా అన్న ప్రశ్న నిలబడింది.

తిరగేసి చూద్దాం. ఆగస్టు 31తో సాయం ఆగిపోయింది, తల్లి సెప్టెంబర్ నుంచి పూర్తి ఫీజు సొంతంగా కడుతోంది. సాయం ఆగిందన్న కబురు అందలేదు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో తండ్రి ఇచ్చిన 1,440 డాలర్లు రాష్ట్రం ఖాతాకే వెళ్లాయి. నెలకు 1,200 సొంతంగా కడుతున్న తల్లికి అప్పుడు ఆ డబ్బు ప్రాణమంత అవసరం. రికార్డు సరిచేస్తే తిరిగి రావచ్చు, కానీ తనకు రావాల్సిన డబ్బు ఎక్కడ ఆగిందో ఆమెకు తెలియాలి కదా.

మూడో రకం పొరపాటు తండ్రిని దెబ్బకొడుతుంది. బిడ్డకు బడి వయసొచ్చింది, డేకేరే అక్కర్లేదు. ఆర్డర్‌లో 720 మాత్రం అలాగే ఉంది, జీతంలోంచి కోత పడుతూనే ఉంది. అసైన్‌మెంట్ లేని కేసుల్లో, డేకేర్ ఖర్చు లేదని ఇద్దరిలో ఎవరు చెప్పినా తల్లి దగ్గర నిర్ధారించుకుని ఆ భాగం వసూలును ఏజెన్సీ ఆపొచ్చని మిన్నెసోటా చట్టం చెబుతోంది. కోర్టుకెళ్లి ఆర్డర్ మొత్తాన్ని మార్పించనక్కర్లేదు. మంచి ఏర్పాటే. కానీ ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి.

ఈ మూడింట్లోనూ ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. తేదీ ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి ఎక్కలేదు, అంతే. ఆ సమన్వయం తల్లి చేయాల్సిన పని కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆమెకు ఈ రెండు ఆఫీసులూ ఒకే "కౌంటీ". ఒకరికి చెబితే ఇద్దరికీ చెప్పినట్టేనని అనుకోవడంలో తప్పేముంది? 2024 జూలైలో పిల్లల, యువత, కుటుంబాల కోసం మిన్నెసోటా కొత్త శాఖ ప్రారంభించింది, ఈ రెండు పథకాలూ దాని కిందికే చేరాయి. ఒకే శాఖ కావడం ఒక మెట్టు. ఫైళ్లు మాట్లాడుకోవడం ఇంకో మెట్టు.

ఇద్దరు వర్కర్ల మీదా ఉన్న ఒత్తిళ్లు వేరని కూడా గుర్తుంచుకోవాలి. 1998 చట్టం ప్రకారం చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీలకు ఫెడరల్ ప్రోత్సాహక నిధులు పితృత్వ నిర్ధారణ, ఆర్డర్లు, ప్రస్తుత వసూళ్లు, బకాయి వసూళ్లు, ఖర్చుకు తగ్గ ఫలితం అనే ఐదు కొలమానాల మీద వస్తాయి. డేకేర్ సాయం వైపు మూడేళ్లకోసారి తప్పుడు చెల్లింపుల శాతాన్ని లెక్కతీస్తారు. ఒకరి దృష్టి వసూలు మీద, ఇంకొకరి దృష్టి అర్హత పత్రాల మీద. "పక్క ఆఫీసుకు తేదీ సకాలంలో చెప్పావా?" అన్న ప్రశ్న ఆ రెండు కొలతల్లోనూ లేదు.

చెప్పుకోకూడని విషయాలూ ఉన్నాయి

అలాగని రెండు ఫైళ్లనూ పూర్తిగా కలిపేయడమూ కుదరదు. చైల్డ్ సపోర్ట్ దగ్గర ఉండే సమాచారం చాలా సున్నితమైంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ల జాబితా, బ్యాంకు ఖాతాలు, చిరునామాలు, పన్ను శాఖ నుంచి వచ్చిన వివరాలు అక్కడుంటాయి. వాటిని ఎవరితో పంచుకోవచ్చో ఫెడరల్ నిబంధనలు కట్టడి చేశాయి. ఉదాహరణకు బకాయి కింద తండ్రి పన్ను రీఫండ్ పట్టుకుని తల్లికి పంపితే, ఎంత వచ్చిందో తల్లి స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. అది పన్ను రీఫండ్‌లోంచి వచ్చిందన్న సంగతి మాత్రం పన్ను శాఖ సమాచారం. చైల్డ్ కేర్ వర్కర్ ఫోన్ చేసి "ఈ 1,800 ఏమిటి, ప్రతి నెలా వస్తుందా?" అని అడిగితే అవతలి వర్కర్ మూలం చెప్పలేక తడబడటానికి కారణం ఇదే కావచ్చు. సమన్వయం లేదని మనకు అనిపించే చోట్ల కొన్నిసార్లు అడ్డున్నది చట్టమే.

ఇంకా ముఖ్యమైంది భద్రత. కుటుంబ హింస కేసుల్లో ఫైలు మీద ఒక గుర్తు పెడతారు, ఆ తల్లీబిడ్డల చిరునామా బయటికి పొక్కకుండా. బిడ్డ ఏ డేకేర్‌లో ఉందన్నది కూడా ఒక చిరునామానే. బిల్లు కాగితం మీద డేకేర్ పేరుంటుంది, ఆ కాగితం కోర్టు ఫైల్లో చేరితే అవతలివాళ్లకు అందుతుంది. రెండు ఆఫీసుల మధ్య కాగితం వేగంగా నడవాలని కోరుకునేవాళ్లు ఈ ఒక్కచోట ఆగి ఆలోచించాలి.

సహకారం అంటే ఏమిటి, ఎప్పుడు అక్కర్లేదు

ఈ మాట చుట్టూ ఉన్న అపోహే పెద్దది. సహకారం అంటే తల్లి తనకు తెలిసింది చెప్పడం, పిలిచినప్పుడు హాజరవడం, అవసరమైన కాగితాల మీద సంతకం చేయడం. డబ్బు రావడం కాదు. తండ్రి దొరకకపోయినా, దొరికి కట్టకపోయినా ఆమె సహకరించినట్టే. సహకరించిందో లేదో తేల్చేది చైల్డ్ సపోర్ట్ వర్కర్, చైల్డ్ కేర్ వర్కర్ కాదు. రెండోవాళ్లు ఆ నిర్ణయాన్ని అమలు చేస్తారంతే. అందుకే చైల్డ్ కేర్ వర్కర్‌ను ఎంత బతిమాలినా "అది నా చేతుల్లో లేదు" అంటారు. తప్పించుకోవడానికి కాదు, నిజంగానే వాళ్ల చేతుల్లో ఉండదు.

సహకరిస్తే తనకో బిడ్డకో ప్రమాదమన్న పరిస్థితి ఉంటే మినహాయింపు అడగొచ్చు. దాన్ని గుడ్ కాజ్ అంటారు. మిన్నెసోటాలో ఆ అర్జీని కౌంటీలోని ఒక కమిటీ చూస్తుంది, అది తేలేదాకా తండ్రి మీద చర్యలు ఆపుతారు. పోలీసు రిపోర్టు, రక్షణ ఉత్తర్వు, వైద్యుడి కాగితం లాంటివి ఆధారాలు. ఇక్కడ మన ఇళ్ల సంగతి చెప్పాలి. భర్త కొట్టినా పోలీసులకు ఫోన్ చేయని వాళ్లెందరో. "పరువు", "ఆయన వీసా ఏమవుతుందో", "అత్తగారు వాళ్లకు తెలిస్తే" అని ఆగిపోతారు. ఆధారం అడిగే రోజుకు వాళ్ల చేతిలో కాగితం ఉండదు. మినహాయింపు ఉందని దరఖాస్తులో ఎక్కడో ఒక పేరాలో రాస్తే సరిపోదు, మొదటి ఫోన్ కాల్‌లోనే చెప్పాలి, ఆమె భాషలో చెప్పాలి.

షరతు ఉండాలా? రెండు వైపులా బలమైన వాదనలే

ఉండాలనేవాళ్లు చెప్పేది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు బాధ్యతా ఇద్దరిదీ. డేకేర్ సాయానికి నిధులు పరిమితం, చాలాచోట్ల వెయిటింగ్ లిస్టులుంటాయి. సంపాదిస్తున్న తండ్రి తన వాటా ఇస్తే ఆ డబ్బుతో ఇంకో బిడ్డకు చోటు దొరుకుతుంది. పైగా చైల్డ్ సపోర్ట్ క్రమంగా వచ్చే తల్లికి అది ఏళ్ల తరబడి నిలిచే ఆదాయం, డేకేర్ సాయం ఆగిపోయాక కూడా. ఎవరో అడిగితే తప్ప చాలామంది తల్లులు మొహమాటంతోనో గొడవలెందుకనో ఆ హక్కును వదిలేసుకుంటారు.

వద్దనేవాళ్ల వాదన ఇది. ఉద్యోగం దొరికిన వారంలో డేకేర్ కావాలి. తండ్రి కేసు తేలడానికి నెలలు పడుతుంది. ఆ లోపు ఉద్యోగం పోతుంది. చాలా పేద కుటుంబాల్లో తండ్రి ఆర్డర్ లేకుండానే డైపర్లు తెస్తాడు, ఫోన్ బిల్లు కడతాడు, వారాంతం బిడ్డను చూసుకుంటాడు. ప్రభుత్వం అతని మీద కేసు పెడితే ఆ కాస్త బంధమూ తెగుతుంది. తల్లి సంతకం పెట్టనందుకు డేకేర్ పోయేది బిడ్డకు. అన్నిటికీ మించి, ఈ షరతు చూసి దరఖాస్తే పెట్టని వాళ్లు ఏ లెక్కలోనూ కనబడరు.

మిసిసిపీలో ఈ వాదన ఏళ్ల తరబడి నడిచింది. డేకేర్ వోచర్ కావాలంటే ఒంటరి తల్లి ముందు చైల్డ్ సపోర్ట్ ఆఫీసుకు వెళ్లి సహకరిస్తున్నట్టు చూపించాలి. తల్లుల తరఫున, డేకేర్ నడిపేవాళ్ల తరఫున పనిచేసే సంఘాలు పట్టువదలకుండా పోరాడాయి. చివరికి 2023లో ఆ రాష్ట్రం షరతు ఎత్తేసింది. మరోవైపు కాన్సస్ 2015లో సంక్షేమ నిబంధనలు బిగించినప్పుడు ఆహార సాయానికీ డేకేర్ సాయానికీ చైల్డ్ సపోర్ట్ సహకారాన్ని ముడిపెట్టింది. రెండూ రాజకీయంగా ఒకే తరహా రాష్ట్రాలు. కాబట్టి ఇది పార్టీల లెక్క మాత్రమే అనుకోవడానికి లేదు.

నా మొగ్గు దాచను. చైల్డ్ సపోర్ట్ సేవ గురించి ప్రతి ఒంటరి తల్లికీ చెప్పాలి, దరఖాస్తు చేయడానికి సాయం చేయాలి, కానీ డేకేర్‌ను దానికి తాకట్టు పెట్టకూడదు. సేవ నిజంగా తల్లికి లాభమైతే చెప్పగానే చేరతారు. కానీ షరతు ఉన్న రాష్ట్రాల్లో బతుకుతున్నవాళ్లకు నా మొగ్గుతో పనిలేదు, వాళ్లకు కావాల్సింది తేదీలు తప్పని సమన్వయం.

వీసా, పౌరసత్వం, ఇండియాకు వెళ్లిపోయిన తండ్రి

తెలుగు కుటుంబాల విషయంలో మూడు సంగతులు ప్రత్యేకంగా అడ్డొస్తాయి. మొదటిది, ఫెడరల్ డేకేర్ నిధుల అర్హతకు చూసేది బిడ్డ పౌరసత్వం లేదా ఇమిగ్రేషన్ స్థితి, తల్లిది కాదు. హెచ్-1బీ మీద ఉన్న తల్లికి అమెరికాలో పుట్టిన బిడ్డ అమెరికన్ పౌరురాలే. చైల్డ్ సపోర్ట్ సేవకైతే తల్లి వీసాతో పనే లేదు, విడాకులు అయ్యేదాకా ఆగాల్సిన అవసరమూ లేదు, వేరుగా ఉంటే చాలు. రెండోది, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకు ఆ భర్త ఆధారంగా ఇచ్చే వీసా) మీద ఉండి పని అనుమతి లేని తల్లి పరిస్థితి కష్టం. డేకేర్ సాయానికి ఉద్యోగమో, చదువో, ఉద్యోగ ప్రయత్నమో ఉండాలి. పైగా విడాకులతో ఆ వీసా ఆధారమే పోతుంది. ఆమెకు ముందు కావాల్సింది ఇమిగ్రేషన్ లాయర్.

మూడోది ఎక్కువ నొప్పి కలిగించేది. తండ్రి ఉద్యోగం వదిలి హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లిపోయాడు. అమెరికా 2017 జనవరి 1 నుంచి అంతర్జాతీయ చైల్డ్ సపోర్ట్ హేగ్ ఒప్పందంలో ఉంది, ఇండియా అందులో చేరలేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద విదేశీ కోర్టు డిక్రీని నేరుగా అమలు చేయించుకోవడానికి గుర్తించిన దేశాల్లో అమెరికా లేదు. అమెరికా ఏజెన్సీ ఇచ్చే జీతం కోత నోటీసు ఇండియాలోని కంపెనీ దగ్గర చెల్లదు, పాస్‌పోర్ట్ ఆపడం ఇండియన్ పౌరుడికి వర్తించదు. ఆర్డర్ ఉంటుంది, నెలనెలా బకాయి పెరుగుతుంది, డబ్బు రాదు.

అలాంటి తల్లి మిన్నెసోటాలో డేకేర్ సాయం అడిగితే ఏం జరగాలి? తండ్రి పేరు, తెలిసిన చివరి చిరునామా, ఆఖరి అమెరికన్ యజమాని పేరు చెబితే ఆమె సహకరించినట్టే. చైల్డ్ సపోర్ట్ వర్కర్ అది నమోదు చేసి చైల్డ్ కేర్ వైపు తెలియజేయాలి. ఆదాయం కాలమ్‌లో చైల్డ్ సపోర్ట్ కింద పడాల్సింది సున్నా, ఆర్డర్‌లో ఉన్న 600 కాదు. రెన్యూవల్‌లో ఎవరైనా ఆర్డర్ కాపీ చూసి 600 రాస్తే, చెల్లింపుల చరిత్ర చూపించమని అడిగే హక్కు ఆమెకుంది, నిర్ణయం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కూ ఉంది. ఆ తండ్రి ఎప్పుడైనా మళ్లీ అమెరికాలో ఉద్యోగంలో చేరితే, కొత్త ఉద్యోగుల జాబితాలో అతని పేరు చైల్డ్ సపోర్ట్ వ్యవస్థకు తెలుస్తుంది, పాత ఆర్డర్ మీదే జీతం కోత మొదలవుతుంది. అందుకే డబ్బు రాని ఏళ్లలో కూడా ఆ కేసును మూసేయకుండా ఉంచుకోవడంలో అర్థముంది.